అమ్మకి కీళ్లవాతం, పథ్యం అంటూ పప్పు, పెరుగు అన్నీ మానేసింది

తెనాలి_అబ్బాయి:
అమ్మకి 54 ఏళ్లు. ఏడాదిగా వేళ్ల కణుపుల దగ్గర వాపు, పొద్దున లేచేసరికి చేతులు బిగుసుకుపోయి కుళాయి కూడా తిప్పలేదు, తొమ్మిది దాటితే గానీ పిడికిలి పట్టదు. రుమటాలజిస్ట్‌కి (కీళ్లవాతం డాక్టర్) చూపిస్తే ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అని ఈ జబ్బుకి చేసే రక్త పరీక్షలు రెండూ పాజిటివ్ వచ్చాయి, వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ రాశారు. ఐదు వారాలు వేసుకుని "ఏం గుణం కనపళ్లేదురా" అని మానేసింది. ఇప్పుడు చుట్టాలు చెప్పారని కందిపప్పు, వంకాయ, టమాటా, పెరుగు ఏదీ ముట్టుకోదు, బీరకాయతోనో సొరకాయతోనో రెండు ముద్దలు తిని లేచిపోతుంది. 4 కిలోలు తగ్గింది. పైగా ఎవరో ఇచ్చిన పేరు లేని పొడి నెల రోజులుగా తేనెలో కలుపుకుని నాకుతోంది, మూడో రోజుకే నొప్పి పోయిందట, అందుకని ఎవరు చెప్పినా వినట్లేదు. ఇది పథ్యం గుణమా, పొడి గుణమా? చాలా టెన్షన్‌గా ఉంది.

మల్లెతీగ:
తమ్ముడూ, నాకు తొమ్మిదేళ్లుగా ఇదే జబ్బు. ముందు ఆ పొడి సంగతి చూడు. మూడు రోజుల్లో నొప్పి మాయం చేసే పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన కేసులు చాలా బయటపడ్డాయి, అదే అయితే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. అలాగని గొడవపడి ఇవాళే పారేయించకు, స్టెరాయిడ్ వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోలేదు, బీపీ పడిపోవచ్చు. పొట్లంతో సహా రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

మెథోట్రెక్సేట్ నొప్పి మాత్ర కాదు. మన రక్షణ వ్యవస్థే మన కీళ్ల మీద పడి తింటుంటే దాన్ని అదుపులో పెట్టే మందు, పని కనపడటానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, అమ్మ ఐదో వారంలోనే ఆపేసింది. నాకు పదో వారంలో ఒకరోజు జడ అల్లుకుని రబ్బరు బ్యాండు కూడా పెట్టుకున్నాక గానీ తట్టలేదు నేనే అల్లుకున్నానని. అంతకుముందు ఏడాదంతా మా అమ్మాయే వేసేది.

పప్పు మానమనే మాట యూరిక్ యాసిడ్‌తో వచ్చే గౌట్‌కి చెప్పేది, అందులో కూడా అసలు తగ్గించాల్సింది మద్యం, వేట మాంసం, లివర్ లాంటివి. వంకాయ, టమాటా కీళ్లని పాడుచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఏదైనా కూర తిన్నప్పుడల్లా నొప్పి ఎక్కువవుతోందని ఆవిడకే అనిపిస్తే, ఆ ఒక్కటి రెండు వారాలు ఆపి మళ్లీ తిని చూడమను. ఈ జబ్బులో కండ ఎలాగూ కరిగిపోతుంది, పప్పూ పెరుగూ లేకపోతే లేచి నడిచే ఓపిక ఎక్కడిది? నేను వారానికి రెండుసార్లు చేప తింటాను, మిగతా రోజుల్లో అన్నంలో అవిసె గింజల పొడి. పొద్దుటి బిగుతు కొంచెం తగ్గినట్టే ఉంది, మందు మానేసేంత మాత్రం కాదు.

గోదారి_గట్టు:
మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెడితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, అది వారానికి ఒక్కరోజే. మా పిన్ని దాన్నీ, దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ విటమిన్ బిళ్లనీ తారుమారు చేసి రోజూ వేసేసుకుంది, రెండూ పసుపు రంగు చిన్న బిళ్లలే. పది రోజులకి నోరంతా పుళ్లు, తెల్ల కణాలు పడిపోయి ఆసుపత్రిలో చేర్చాం. అప్పటినుంచి గోడ క్యాలెండర్‌లో ప్రతి ఆదివారానికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, బిళ్ల వేసుకోగానే కొట్టేస్తున్నాం, బిళ్ల కూడా బాబాయే చేతిలో పెడతాడు. సీబీసీ (రక్త కణాల లెక్క), లివర్, క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలు డాక్టర్ చెప్పిన గడువుకి చేయించండి, బాగానే ఉంది కదా అని వదిలేయొద్దు.

ఓరుగల్లు_63:
నాది మోకాళ్ల అరుగుదల, మీ అమ్మగారి జబ్బు వేరు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, బరువు తగ్గితే కీళ్లకి మంచిదని నాకు చెప్పిన మాట పట్టుకుని ఆమెని పస్తులుంచకండి. నేను 7 కిలోలు తగ్గి, తొడ కండరాల వ్యాయామం చేశాకే మెట్లు ఎక్కుతున్నా, కానీ నేను కడుపునిండా తింటూనే తగ్గాను.

తెనాలి_అబ్బాయి:
అక్కా, అందరికీ థాంక్స్. మీ జడ సంగతి అమ్మకి చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకుంది. రేపు పదకొండింటికి అపాయింట్‌మెంట్, పొట్లం నా బ్యాగులో పెట్టుకున్నా. గుడ్డు పెట్టొచ్చా?

మల్లెతీగ:
పెట్టొచ్చు తమ్ముడూ. రాత్రికి పప్పు కూడా చెయ్యి, కుక్కర్ మూత మాత్రం నువ్వే తియ్యి.