పీఎల్‌సీ ప్రోగ్రామును ప్లాంటుకు తీసుకెళ్లేలోపు సిమ్యులేషన్‌తో ఎంతవరకు పరీక్షించవచ్చు?

ప్రశ్న:
ఆవిరితో వేడిచేసే ఒక రియాక్టర్‌కు పీఎల్‌సీ (యంత్రాలను నియంత్రించే పారిశ్రామిక కంప్యూటర్) ప్రోగ్రాము సిద్ధమైంది. ఇన్‌పుట్లను చేతితో ఫోర్స్ చేసి (అసలు సిగ్నల్‌కు బదులు మనమే విలువ పెట్టి) చూస్తే సరిపోతుందా, లేక రియాక్టర్ ప్రవర్తనను అనుకరించే ప్రాసెస్ మోడల్ అవసరమా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
ఫోర్స్ చేస్తే ఇంటర్‌లాకులు (ప్రమాదకర చర్యలను అడ్డుకునే షరతులు) విడివిడిగా పనిచేస్తున్నాయో లేదో తెలుస్తుంది గానీ, సమయానికి సంబంధించిన లోపాలు సాధారణంగా బయటపడవు. ఉదాహరణకు, వాల్వు పూర్తిగా తెరుచుకోవడానికి 12 సెకన్లు పడుతుండగా ప్రోగ్రాములోని టైమర్ 10 సెకన్లకే అలారం ఇస్తుంటే, వాల్వు తెరుచుకుందని తెలిపే లిమిట్ స్విచ్ సిగ్నల్‌ను అంతే ఆలస్యంగా పంపే సిమ్యులేషన్‌లో ఆ పొరపాటు వెంటనే దొరుకుతుంది. భారీ మోడల్ అక్కరలేదు. వాల్వు స్ట్రోక్ సమయం, ట్యాంకు మట్టం, ఉష్ణోగ్రతకు డెడ్ టైమ్‌తో (మార్పు కనిపించేలోపు పట్టే ఆలస్యంతో) కూడిన ఫస్ట్ ఆర్డర్ లాగ్ (కొత్త విలువకు క్రమంగా చేరే స్పందన) ఉంటే చాలు.

రెండో సమాధానం:
పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అయితే అన్నీ సవ్యంగా ఉన్న పరిస్థితి కంటే, చెడిపోయిన పరిస్థితులను పరీక్షించడమే నా దృష్టిలో అసలైన పని. ఉష్ణోగ్రతను 4–20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపే ట్రాన్స్‌మిటర్ తీగ తెగితే కరెంటు సున్నాకు పడిపోతుంది. దాన్ని ప్రోగ్రాము తక్కువ ఉష్ణోగ్రతగా భావించి ఆవిరి వాల్వును మరింత తెరిస్తే ప్రమాదం తప్పదు. నామూర్ (ప్రాసెస్ పరిశ్రమల ఆటోమేషన్ వినియోగదారుల సంఘం) ఎన్ఈ 43 సిఫారసు ప్రకారం 3.6 మిల్లీఆంపియర్లు, అంతకు తక్కువైనా, 21, అంతకు ఎక్కువైనా లోపంగానే పరిగణించాలి. ఆ విలువలను సిమ్యులేటర్ నుంచి పంపి, వాల్వు మూసుకుంటుందో లేదో తప్పక చూడండి.

మూడో సమాధానం:
మోడల్‌పై కుదిరిన పీఐడీ (ఉష్ణోగ్రత వంటి వాటిని కోరిన స్థాయిలో నిలిపే నియంత్రణ పద్ధతి) విలువలను ప్రారంభ విలువలుగా మాత్రమే తీసుకోండి. వైరింగ్ తప్పులు ఎలాగూ ప్లాంటులో జరిగే లూప్ చెక్‌లోనే (ఒక్కో పరికరానికీ పీఎల్‌సీకీ మధ్య సిగ్నల్‌ను సరిచూడటంలోనే) తేలుతాయి.