బెయిల్ మీదున్నోళ్ల కాలికి జీపీఎస్ పట్టీ: నల్లగొండ, పాలమూరులో పనికొస్తదా?

దేవరకొండ వకీలు:
మన దగ్గర కండిషన్ బెయిల్ అంటే ప్రతి సోమవారం స్టేషన్‌కు పోయి సంతకం పెట్టుడే. చందంపేట తండా నుంచి హైదరాబాద్‌కు సెంట్రింగ్ పనికి పోయినాయనకు ఆ ఒక్క సంతకానికి ఒక రోజు కూలి, రానుపోను బస్సు కిరాయి పోతయి. పోనీ ఆ సంతకంతో తెలిసేదేంది? ఆ పూట ఆయన స్టేషన్‌కు వచ్చిండని, అంతే. మిగతా ఆరు రోజుల సంగతి ఎవరికీ తెల్వది. 2023 నవంబర్‌లో జమ్మూలో కోర్టు ఉత్తర్వు మీద ఒక యూఏపీఏ (ఉగ్రవాద కేసులకు వాడే చట్టం) నిందితుడికి పోలీసులు జీపీఎస్ పట్టీ, అంటే మనిషి ఎక్కడున్నడో కబురు పంపే పరికరం, కాలికి కట్టిన్రు, దేశంలో అదే మొదలు. కేంద్రం 2023లో తయారుచేసిన నమూనా జైళ్ల చట్టంల కూడా ట్రాకర్‌కు ఒప్పుకున్న ఖైదీకి సెలవు ఇయ్యొచ్చని ఉంది. సంతకం బదులు పట్టీ పెడితే తప్పేంది?

పాలమూరు లా:
వకీలు సాబ్, రెండు వేర్వేరు సంగతులు కలిపేసిన్రు. నమూనా చట్టం ఖైదీల సెలవు గురించి, బెయిల్ గురించి కాదు. పైగా జైళ్లు రాష్ట్ర జాబితాలోవి, రాష్ట్రం తెచ్చుకుంటేనే అమలు. బెయిల్ సంగతికొస్తే 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఫ్రాంక్ వైటస్ తీర్పు ఉంది. మాదకద్రవ్యాల కేసులో నిందితుడు గూగుల్ మ్యాప్‌లో పిన్ పెట్టాలన్న షరతు అది. ఆ పిన్‌తో కదలికలు కనపడవని గూగులే కోర్టుకు చెప్పింది. అయినా కోర్టు ఆ షరతు కొట్టేసింది. నిందితుడి కదలికలు ఎప్పటికప్పుడు పోలీసులకు తెలిసేలా పెట్టే ఏ షరతైనా రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన గోప్యత హక్కుకు విరుద్ధమంది. పిన్‌కే ఆ గతి పడితే కాలికి కట్టిన పట్టీ ఎట్ల నిలుస్తది?

దేవరకొండ వకీలు:
ఒప్పుకుంట. కానీ నిందితుడే అడిగితే? లోపల ఉండుడా, పట్టీతో బయట ఉండుడా అంటే నా క్లయింట్లలో పదికి పది మంది బయటనే అంటరు.

పాలమూరు లా:
జైల్ల ఉన్నోని సమ్మతి ఏ పాటిదో మీకు నేను చెప్పాల్నా? అసలు భయం వేరే. ఇయ్యాల మామూలు ష్యూరిటీ మీద బయటికొచ్చేటోనికి కూడా రేపు ‘పట్టీ ఉందిగా, కట్టెయ్’ అంటరు. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 479వ సెక్షన్ కింద మొదటిసారి కేసు పడ్డోడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే బాండు మీద విడుదలకు అర్హుడు. కొన్ని నేరాలకు మినహాయింపు ఉందనుకోండి. అసుంటోనికి పట్టీ ఎందుకు?

టవర్ టెక్నీషియన్:
చట్టం మీరిద్దరు తేల్చుకోన్రి. పరికరం ఏం చేస్తదో నేను చెప్త. పట్టీ లోపల సన్నటి ఆప్టికల్ ఫైబర్ తీగ ఉంటది, అందులో వెలుగు తిరుగుతుంటది. కత్తిరిస్తే వెలుగు ఆగి అలర్ట్ పోతది. తెంపుడు దొరకకుండా చేసుడు కష్టమే, ఆ భాగం బాగా ముదిరింది. తంటా అంతా మిగతాదాంట్లనే.

జీపీఎస్ ఆకాశం నుంచి వస్తది, కబురు మాత్రం సెల్ టవర్ మీద పోతది. మన్ననూరు దాటి దోమలపెంట దాకా అడవిలో టవర్ దొరకని జాగలు శానా. అక్కడ పట్టీ మూగబోతది. కాలికి అల్యూమినియం ఫాయిల్ చుట్టినా మూగబోతది. సర్వర్‌కు రెండూ ఒక్కతీరే కనపడతయి. తేడా తర్వాత తెలుస్తది: అడవిలో టవర్ లేకున్నా జీపీఎస్ అందుతది కాబట్టి పట్టీ ఆ పాయింట్లు మెమరీలో దాచి, సిగ్నల్ రాగానే పంపుతది. ఫాయిల్ చుట్టితే పాయింట్లే ఉండవు. ఇది చూడకుండా ‘సిగ్నల్ పోయింది, పారిపోయిండు’ అని రిపోర్టు రాస్తే నల్లమల చెంచులందరూ పారిపోయినోళ్ల లెక్కనే.

ఇంకోటి. చవక మోడళ్లలో 2జీ మోడెం ఉంటది. జియోకు 2జీ లేదు. జియో టవర్ ఒక్కటే ఉన్న ఊర్లో ఆ పట్టీ ఉత్త బరువు. 4జీ పట్టుకునేది, ఏ నెట్‌వర్క్ దొరికితే దానికి మారే సిమ్ ఉన్నదే తీసుకోవాలె.

గద్వాల రైతు:
అన్నా, మా దిక్కు సరిహద్దు సంగతేంది?

టవర్ టెక్నీషియన్:
మంచిగ అడిగినవ్ తమ్మీ. పుల్లూరు దగ్గర తుంగభద్ర ఒడ్డున ఉన్నోని పట్టీ కర్నూలు వైపు టవర్‌ను పట్టుకోవచ్చు. జీపీఎస్ అందినంతసేపు పర్వాలేదు. రేకుల ఇంట్ల కూసుంటే జీపీఎస్ రాదు, అప్పుడు పట్టీ టవర్‌ను బట్టి చోటు లెక్కగడతది. మనిషి మంచం మీద, స్క్రీన్ మీద ఆంధ్రలో! దీనికి మందు ఇంట్ల పెట్టే బీకన్. చిన్న డబ్బా, కరెంటు ప్లగ్గుకు పెడతరు. పట్టీ దాన్ని వింటే ‘ఇంట్లనే ఉన్న’ అని చెప్పి జీపీఎస్ ఆపేస్తది. బ్యాటరీ కూడా మిగులుతది.

బ్యాటరీ మామూలుగ ఒకటి రెండు రోజులొస్తది, రోజూ గంట రెండు గంటలు చార్జింగ్ పెట్టాలె. నిమిషానికో పాయింట్ తీస్తే తొందరగ దిగుతది. నిద్రల పెట్టుకుంటే వైరు ఊడి పొద్దున చార్జ్ ఉండదు. కాలికి తగిలించుకుని తిరిగే క్లిప్ చార్జర్ ఇచ్చుడే మేలు.

మహిళా సంఘం, నకిరేకల్:
అందరు నిందితుని గురించే మాట్లాడుతున్రు. భార్యను కొట్టినోడు, సాక్షిని బెదిరించినోడు దగ్గరికి వస్తున్నడని ముందే తెలిస్తే ప్రాణం దక్కుతది. నిషేధిత వలయం, అంటే మ్యాప్ మీద గీసిన ఆ హద్దు లోపలికి పట్టీ వస్తే అలర్ట్ పోవుడు, దీనికే పుట్టింది.

పాలమూరు లా:
అక్కా, పట్నంల అయితే సరే. ఊర్లో ఇద్దరిదీ ఒక్కటే వాడ. ఆమె ఇంటి చుట్టు 200 మీటర్లు గీస్తే రేషన్ దుకాణం, బస్టాండు, ఆయన ఇల్లు అన్నీ దాంట్లనే పడతయి. పొద్దంతా అలర్టే.

మహిళా సంఘం, నకిరేకల్:
అయితే ఆయన్నే వేరే ఊర్లో ఉండమనాలె. వలయం ఆమె ఊరు మొత్తానికి గీయాలె. అలర్ట్ స్టేషన్‌కే కాదు, ఆమె ఫోన్‌కు కూడా రావాలె.

గద్వాల రైతు:
నాట్లప్పుడు పొద్దంతా బురదలనే నిలబడతం. నీళ్లు పోవన్నా ఒప్పుకుంట, పట్టీ కింద తోలు నానితే పుండు పడదా? షుగర్ ఉన్నోనికి మరీ కష్టం. కల్లు గీసేటోడు కాళ్లకు గుజి వేసుకుని చెట్టెక్కుతడు, పట్టీ దానికి అడ్డం పడితే కిందపడతడు.

టవర్ టెక్నీషియన్:
నిజమే. పట్టీకి, కాలికి నడుమ వేలు దూరాలె. కాలు వాచేటోనికి కొలత మళ్లీ తీయాలె. గీత కార్మికునికి కట్టొద్దు, సంతకమే నయం.

పాలమూరు లా:
50 మందికి పట్టీ కట్టిన్రనుకోన్రి, మనిషికి రోజుకు 3 అలర్టులు అనుకున్నా 150. అర్ధరాత్రి రెండింటికి బ్యాటరీ అలర్ట్ వస్తే ఎవరు చూస్తరు? నైట్ డ్యూటీ కానిస్టేబులా?

దేవరకొండ వకీలు:
సరే, కొంచెం దిగుతున్న. పట్టీ లేకుంటే బెయిలే రాని కేసుల్లోనే, ఖర్చు సర్కారుదే, బ్యాటరీ అలర్ట్‌కు ముందు ఆయనకే ఫోన్ చెయ్యాలె, నేరుగా వారంట్ వద్దు. ఫ్రాంక్ వైటస్‌కు మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు.

టవర్ టెక్నీషియన్:
ఒకటి కలుపుకోన్రి. కాలికి కట్టేముందు వారం రోజులు ఆ పట్టీని కానిస్టేబుల్ జేబుల పెట్టి ఊరు, పొలం, బస్సు దారి అంతా తిప్పాలె. ఎక్కడెక్కడ మూగబోయిందో ఆ చిట్టా కోర్టు ఉత్తర్వుకు జతచెయ్యాలె.