‘వివరింపదగున్’: వివరించడమా, విచారించడమా?

పెన్నేరు: బడి గోడమీద రాయించను ఒక పద్యం కావాల. ‘వినదగు నెవ్వరు చెప్పిన’ తర్వాత ‘వినినంతనె వేగిరపడక విచారింపదగున్’ అని నోట్లో ఆడుతోంది గానీ చదివితే యాడనో కాలు మడతపడుతోంది. ఊరు చెప్పింది కాదు, నువ్వు తేల్చుకున్నదే చెయ్యమనే పద్యం. దాన్నే తప్పు రాయిస్తే నవ్వుతారు.

గండికోట: సుమతీ శతకం పద్యమది: ‘వినదగు నెవ్వరు చెప్పిన / వినినంతనె వేగపడక వివరింపదగున్ / కని కల్ల నిజము దెలిసిన / మనుజుడెపో నీతిపరుడు మహిలో సుమతీ’. కందం కాబట్టి గణానికి నాలుగు మాత్రలు; మొదటి పాదంలో మూడు గణాలు, రెండోదాంట్లో అయిదు. నీకు మడతపడేది రెండు చోట్లన్నా. ‘వేగపడక’, ‘వివరింపదగున్’. వినినం / తనెవే / గపడక / వివరిం / పదగున్. ‘వేగిర’ అంటే ఒక మాత్ర ఎక్కువ. ఆరో గణం ‘గిరపడ’ నలమే (నాలుగూ లఘువులే) కాబట్టి తప్పు అక్కడ దొరకదు, ఏడో గణం ‘క’తో మొదలై, పాదం మొదటి ‘వి’తో కలవాల్సిన యతి పోతుంది. ‘విచా’ ఇంకో మాత్ర తెస్తుంది. ఆఖర్న ‘గున్’ గణం లేక వీధిన పడుతుంది.

ఆదోని అక్షరం: ఛందస్సు సరే. అర్థం? విన్నదాన్ని వేగపడకుండా ఇంకొకరికి వివరించమనా? నిదానంగా ఫార్వర్డ్ చెయ్యమన్నట్టుంది!

గండికోట: వివరణ అంటే మూత తీయడం అక్కా. సంస్కృతంలో వివరం అంటే రంధ్రం, బిలం. మాట మూత తీసి లోపలేముందో చూడమని. ‘వివరం తెలిసిన మనిషి’ అంటాం కదా, బాగా ఉపన్యాసం చెప్పేవాడనా?

తాడిపత్రి లఘువు: అది నీ సిద్ధాంతం. నన్నడిగితే పద్యం బరువంతా ‘కని’ మీద ఉంది. ‘కనికల్ల’ అని కలిపి అచ్చేస్తారు. పైగా గణం ‘కనికల్’ దగ్గర విరుగుతుంది, పిల్లలు అదేదో ఒక మాట అనుకుంటారు. కని, కల్ల, నిజము: మూడు మాటలు. చెవితో విను, బుద్ధితో విప్పు, కంటితో చూడు. ‘కని’ని మింగేస్తే సొంత పరీక్ష యాడుంది?

గండికోట: కనడం అంటే కంటితోనే చూడాలని లేదప్పా. ‘కనుగొను’లో కన్ను ఎంతుంది?

తాడిపత్రి లఘువు: ఉంది కాబట్టే ‘కనుగొను’.

పెన్నేరు: ‘నిజము దెలిసిన’లో అరసున్న పెట్టాలా?

ఆదోని అక్షరం: నిజమున్ + తెలిసిన, ద్రుతం (చివరి ‘న్’) మీద సరళాదేశం, అంటే ‘తె’ ‘దె’ అయింది. పెట్టడమే న్యాయం. కానీ పెయింటర్ నిండుసున్న చుట్టేస్తాడు. అప్పుడు ‘లనిజముం’ ఐదు మాత్రలు. వదిలెయ్.

కదిరి కొండ: సొంత బుద్ధికి ఈ నీతులెందుకప్పా, వేమన ఉండగా! ‘పెంట దినెడు కాకి పితరు డెట్లాయెరా’. ఇదేమో పరీక్షించుకో అంటుంది, ఆయన పరీక్షించొచ్చి నిలదీస్తాడు. పండితులు మొగం తిప్పుకున్న ఆ కవి మీద 1928లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురంలోనే ఉపన్యాసాలిచ్చారు. ఎదురీత అంటే అది.

గండికోట: 1820లో మా కడపకొచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్, 1829కే వేమనను అచ్చెక్కించాడులే.

కదిరి కొండ: అచ్చెయ్యడం వేరు, కవి అని ఒప్పించడం వేరు. వేమన నేల మాది.

ఆదోని అక్షరం: జిల్లాల తగువు తర్వాత. నాలుగో పాదం చూడండి. ‘బుద్ధిమంతుడు’ అనకుండా ‘నీతిపరుడు’ అనెందుకన్నాడు? నీతికి ధాతువు ‘నీ’, నడిపించడం. కల్ల, నిజం తెలుసుకుని ఊరుకున్నవాడు కాదు, దాని ప్రకారం నడిచేవాడు. నలుగురూ కాదన్నా సరే.

తాడిపత్రి లఘువు: లాగుతున్నావక్కా. పాత పుస్తకాల్లో నీతంటే రాజనీతి. ఈ శతకం రాశాడనే బద్దెనదే నీతిశాస్త్రముక్తావళి చూడు. అక్కడి శ్రోత చాడీలు వినే రాజు.

ఆదోని అక్షరం: రాజుకైనా చాడీ విన్నాక చేసే పనే కదా ముఖ్యం?

కదిరి కొండ: ‘మనుజుడెపో’లో ‘పో’ ఏంది? పొమ్మనడమా?

తాడిపత్రి లఘువు: నిశ్చయార్థకం. ‘వాడే సుమా’ అని. దాన్ని తీసేసి ‘మనుజుడే’ అని దీర్ఘమిస్తే మొదటి గణమే ఐదు మాత్రలు.

పెన్నేరు: పెయింటర్ నిచ్చెనెక్కినాడు. ‘వివరింప’ అనే రాయిస్తున్నా. అర్థం మీరు తేల్చినాక కింద రాయిస్తా.

గండికోట: ‘దగున్’కు పొల్లు పెట్టించన్నా. ‘దగును’ అని రాస్తే మాత్రలు నాలుగే వస్తాయి గానీ ఎనిమిదో గణం చివర గురువు ఉండదు.