జనాంతికం, అపవారితం: ఎవరి చెవిన పడాలి?

ప్రశ్న: పాత నాటకాల్లో పాత్ర పేరు పక్కన స్వగతం, ప్రకాశం, జనాంతికం, అపవారితం అని కుండలీకరణాల్లో ఉంటాయి. మొదటిది తనలో తాను అనుకోవడం, రెండోది అందరికీ వినబడేలా పలకడం అని తెలుసు. చివరి రెండింటికీ నా నిఘంటువు ‘రహస్యంగా’ అని సరిపెట్టింది. తేడా ఏమైనా ఉందా?

జవాబు: ఉంది, పైగా అది కంటికి కనిపించే తేడా. కాళిదాసు నాటకం శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు ఎదుటే ఉండగా చెలికత్తెలిద్దరూ ‘ఈ రోజు తండ్రిగారు ఇక్కడ ఉండి ఉంటేనా...’ అని శకుంతలను ఆటపట్టిస్తారు. అది జనాంతికం. నటి ఉంగరపు వేలు మడిచి, తక్కిన వేళ్లు చాచి (త్రిపతాక హస్తం) చేయి అడ్డుపెడుతుంది. ఆ చేతికి అవతల ఉన్న రాజుకు ఏమీ వినపడలేదని ప్రేక్షకులు ఒప్పుకోవాలి. అపవారితంలో చేయి అడ్డు ఉండదు, మనిషే పక్కకు తిరిగి ఒకరికి మాత్రం గుట్టు చెబుతాడు.

అక్కడే మిగతా రెండూ దొరుకుతాయి. నేనెవరినో ఎలా చెప్పను, ఎలా దాచను అని రాజు తనలో తర్కించుకుంటాడు. వెంటనే ప్రకాశంగా, పౌరవ రాజు ధర్మాధికారంలో నియమించిన వాడినని చెప్పేస్తాడు. నిజం స్వగతంలో ఉండిపోయింది, బొంకు ప్రకాశంగా వచ్చింది!

మరొకరు: మరి ఆ కుండలీకరణాల్లోనే కనబడే ‘నేపథ్యే’? వార్తల్లో వచ్చే ‘నేపథ్యంలో’ ఇదేనా?

జవాబు: మాట అదే. నేపథ్యం అంటే తెర వెనుక నటులు వేషం కట్టుకునే చోటు, ఆ వేషం కూడా. శాకుంతలం ప్రస్తావనలోనే (నాటకం మొదట్లో వచ్చే పరిచయ ఘట్టం) సూత్రధారుడు నేపథ్యం వైపు చూసి, నేపథ్యవిధానం ముగిస్తే ఇటు రమ్మని నటిని పిలుస్తాడు. మొదటిది చోటు, రెండోది అలంకరణ. ‘నేపథ్యే’ అని ఉంటే మనిషి కనబడడు, గొంతు మాత్రమే వినబడుతుంది. అందుకే ‘నేపథ్య గాయకుడు’ నాకు ఇష్టమైన మాట. ‘వర్షాల నేపథ్యంలో బడులకు సెలవు’ మాత్రం ‘వర్షాల వల్ల’ అనే తేలిక మాటకు అనవసరంగా కిరీటం పెట్టడమే.

అదే ప్రశ్నకుడు: ఆకాశభాషితం కూడా చెప్పండి.

జవాబు: రంగం మీద లేని మనిషితో మాట్లాడటం. నటుడు పైకి చూసి ‘ఏమంటున్నావు?’ అని అడిగి, అవతలివారి మాట కూడా తానే పలుకుతాడు. ఒకే పాత్ర ఉండే ‘భాణం’ అనే నాటక రకమంతా దీని మీదే నడుస్తుంది. సినిమాల్లో ఫోను పట్టుకొని ‘ఏమిటీ, రైలు తప్పిపోయిందా?’ అనే పాత్ర చేసేది కూడా ఇదే.