అప్‌డేట్: తొమ్మిదో తరగతి అమ్మాయికి వేరే దారులు చూపించడం గురించి

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంటర్‌లో ఎంపీసీయే అని చుట్టాలంతా తేల్చేస్తుంటే, మిగతా పనులు కూడా తనకు ఎలా చూపించాలని అప్పట్లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"పని జరిగే చోటికి తీసుకెళ్లండి" అన్న సలహా బాగా పనికొచ్చింది. తనకు జంతువులంటే ప్రాణం. అందుకే వేసవి సెలవుల్లో అనుమతి అడిగి మా మండలంలోని పశువుల ఆసుపత్రికి పంపాం. గేదెలకు గాలికుంటు వ్యాధి రాకుండా టీకాలు వేయడం చూసింది. ఈనలేక అల్లాడుతున్న ఆవు కడుపులోంచి డాక్టర్‌గారు దూడను బయటికి లాగుతుంటే పక్కనే నిలబడింది. పేడ, నెత్తురు చూసి మనసు మార్చుకుంటుందేమో అనుకున్నాను. లేదు, మర్నాడు నాకంటే ముందే లేచి తయారైంది!

డాక్టర్‌గారు ఎంతో ఓపిగ్గా చెప్పారు. పశువుల డాక్టర్ అయ్యే డిగ్రీ బీవీఎస్సీ చదవాలంటే ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు పడుతుంది. పదో తరగతి తర్వాత 2 ఏళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా కూడా ఉందని మాకు అక్కడే తెలిసింది. ఇలాంటివి బళ్లోనే చెప్పాలి కదా!

పదో తరగతి తర్వాత పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంజినీరింగ్ డిప్లొమా, ఆపైన డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి గురించి మా తమ్ముడు వివరించాడు. అది మా అమ్మాయికి అంతగా ఎక్కలేదు.

ఇప్పుడే ఏదీ ఖాయం చేయడం లేదు. దసరా సెలవుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్న వాళ్ల పిన్ని పని చూస్తానంటోంది. తప్పకుండా పంపుతాం.