రోజూ 5 కిలోమీటర్లు నడిస్తే 3 నెలల్లో 10 కిలోలు తగ్గుతామా?

బెజవాడ_నడక: బరువు 80 కిలోలు. పొద్దున్నే బందరు కాలువ గట్టున 5 కిలోమీటర్లు నడుస్తున్నా, వాచీ 400 కేలరీలంటోంది. తిండిలో 500 తగ్గించా. రోజుకు 900 చొప్పున 10 కిలోలు తగ్గాలి కదా?

తూకంరాయి: ఆ 400లో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవీ కలిసి ఉంటాయండీ. చదును దారిలో నడకకయ్యే అదనపు ఖర్చు కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు అర కేలరీ. 80 × 5 × 0.5 = 200. తిండిలో తగ్గించిన 500 కలిపితే రోజుకు 700. కిలో కొవ్వుకి 7,700 కేలరీలు కాబట్టి 90 రోజులకు 8 కిలోలు, అదీ కాగితం మీద. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది.

అరండల్‌పేట: అసలు గండి ఆ 500 దగ్గరే. 100 గ్రాముల బియ్యం 350 కేలరీలు, అదే 100 గ్రాముల అన్నమైతే 130. యాప్‌లో బియ్యం తూచి అన్నమని ఎక్కిస్తే 220 మాయం! టేబుల్ స్పూన్ నూనె 120. ఆవకాయ మీద తేలే నూనె ఎవరు రాస్తారు? వంటకి ముందూ తర్వాతా నూనె సీసా తూచి, తేడాని తినేవాళ్లకు పంచి లెక్కేయండి.

బెజవాడ_నడక: మొదటి వారమే 2 కిలోలు తగ్గానే?

తూకంరాయి: చాలావరకు నీరే. ఆ వారం వదిలేయండి. రోజూ పరగడుపున తూగి వారం సగటు తీయండి. తర్వాతి నాలుగు వారాల్లో వారానికి అరకిలో తగ్గితే, మీ అసలు లోటు, అంటే తిన్నదానికంటే ఎక్కువగా ఖర్చయ్యేది, రోజుకు 550 కేలరీలు.