ల్యాప్‌టాప్ పక్కవాద్యం అవుతుందా? వేదిక మీద ట్రాక్ నడపడంపై చర్చ

కీబోర్డు_కూకట్‌పల్లి:

పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి కీబోర్డు. మాది ఐదుగురి బ్యాండ్: గాయని, గిటార్, బేస్, డ్రమ్స్, నేను. మంగళ, గురువారాల్లో రాత్రి తొమ్మిదికి ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో సాధన. ఆ రోజుల్లో నా సంచిలో ఆఫీసు ల్యాప్‌టాప్ పక్కనే సోల్డరింగ్ ఐరన్ కూడా ఉంటుంది. తెగిన కేబుళ్లు నేనే అతుకుతాను. యంత్రాలంటే నాకు ప్రాణమని ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు రాయబోయేది యంత్రం మీద కోపంతో రాస్తున్నది కాదు.

రెండేళ్లుగా మేము వేదిక మీద ట్రాక్ నడుపుతున్నాం. వయొలిన్లు, వేణువు, తబలా, కోరస్ ముందే రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాం. డ్రమ్స్ వాయించే మిత్రుడి చెవిలో క్లిక్, అంటే పాట వేగాన్ని చెప్పే టిక్‌టిక్ శబ్దం, వినిపిస్తుంది. ఆయన దాన్ని పట్టుకుంటాడు, మేము ఆయనను పట్టుకుంటాం. వాయించేది ఐదుగురం, వినిపించేది పదిహేను మంది.

గత నెల విజయవాడలో ఒక పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లాం. పాత పాట ఒకటి పాడుతుండగా పెళ్లికూతురి తాతగారు చేతికర్ర ఊతంతో వేదిక ముందుకు వచ్చి నిలబడ్డారు. రెండో చరణం అయిపోగానే చెయ్యెత్తి, "ఆ చరణం ఇంకొక్కసారి పాడమ్మా" అన్నారు. గాయని నా వైపు చూసింది. ట్రాక్ అప్పటికే ముక్తాయింపులోకి వెళ్లిపోయింది. నేను తల అడ్డంగా ఊపాను. తన మాట వినపడలేదేమోనని ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, గొంతు పెంచి మళ్లీ అడిగారు. ఈలోగా పాట అయిపోయింది. ఆ రాత్రి తిరుగు బస్సులో నాకు నిద్ర పట్టలేదు.

మనం ఎదురుచూస్తే ఎదురుచూడనిది, మనం తప్పితే సర్దుకోనిది పక్కవాద్యం ఎలా అవుతుంది? ట్రాకులు తీసేద్దామని మా వాళ్లతో అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. మీరేమంటారు?

సౌండ్_బెంచి:

నేను మిక్సర్ వెనక కూర్చునే మనిషిని. శ్రోత సినిమాలో విన్న పాటనే అడుగుతాడు. ఆ రికార్డింగులో ఇరవై, ముప్ఫై వయొలిన్లు ఉంటాయి. ఐదుగురు అది ఎక్కడి నుంచి తెస్తారు? ఇది కొత్త పద్ధతి కూడా కాదు. ఇంగ్లండులో ద హూ బృందం 1971 నాటికే సింథసైజర్ భాగాలను టేపు మీద నడిపింది. కీత్ మూన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ టేపుతో కలిసి డ్రమ్స్ వాయించేవాడు. వాళ్లది ప్రత్యక్ష సంగీతం కాదని ఎవరంటారు?

తాతగారు అడిగినప్పుడు ట్రాక్ ఆపేసి, ఉన్న ఐదుగురితోనే వాయించి ఉండవలసింది. తప్పు ట్రాక్‌ది కాదు, పాట మొత్తాన్ని ఒకే ముక్కగా పెట్టుకున్న మీది.

డ్రమ్స్_వరంగల్:

క్లిక్ లేకపోతే ఏమవుతుందో నన్నడగండి. జనం చప్పట్లు మొదలుపెడితే నా చేయి నాకు తెలియకుండానే పరుగు తీస్తుంది. చివరి చరణానికి వచ్చేసరికి గాయకుడికి ఊపిరి తీసుకునే చోటు ఉండదు. క్లిక్ నాకు సంకెల కాదు, తాళం వేసే చెయ్యి.

కీబోర్డు గారికి ఒక ప్రశ్న. కర్ణాటక సంగీత కచేరీల్లో ఇప్పుడు చాలా చోట్ల ఎలక్ట్రానిక్ తంబూరానే మోగుతోంది. అదీ ఎవరి మాటా వినదు, ఎవరి కోసమూ ఆగదు. దాన్ని ఒప్పుకున్నప్పుడు ట్రాక్‌ను ఎందుకు ఒప్పుకోరు?

వయొలిన్_తెనాలి:

పద్దెనిమిదేళ్లుగా ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నాను. మీరంతా ట్రాక్ మన మాట వింటుందా లేదా అని మాట్లాడుకుంటున్నారు. ఆ ట్రాక్‌లో ఉన్న మనిషి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

మూడేళ్ల క్రితం ఒక బృందం నన్ను పిలిచి, ఒక్క మధ్యాహ్నం కూర్చోబెట్టి పన్నెండు పాటల్లోని వయొలిన్ బిట్లు రికార్డు చేసుకుంది. ఆ పూటకు డబ్బు ఇచ్చారు. ఆ తర్వాత మళ్లీ పిలవలేదు. ఒకసారి బంధువుల పెళ్లికి వెళితే అదే బృందం వాయిస్తోంది. రెండో బిట్‌లో ఒక జారు దగ్గర నా వేలు కొంచెం ఆలస్యంగా దిగిన చోటు ఉంది. ఆ రోజు ఇంకోసారి వాయిస్తానంటే, ఫర్వాలేదు, చాలు అన్నారు. ఆ జారు విని నేనేనని పోల్చుకున్నాను. చేతిలో భోజనం ప్లేటు పట్టుకుని నిలబడి నా వయొలిన్ నేనే విన్నాను. నా కమాను శబ్దం నన్ను పిలవని పెళ్లిళ్లకు వెళుతోంది.

సౌండ్_బెంచి:

వయొలిన్ గారూ, మీరు చెప్పింది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

కీబోర్డు_కూకట్‌పల్లి:

ముందు తంబూరా సంగతి. తంబూరా పని మారకుండా ఉండటమే. గాయకుడు నిలబడే నేల అది, నేల కదలకూడదు. వయొలిన్ పని వేరు. గాయకుడు ఒక సంగతిని సాగదీస్తే వెంట వెళ్లాలి, వదిలిన చోట అందుకోవాలి. నేల పనిని యంత్రానికి ఇస్తే నాకు అభ్యంతరం లేదు, వెంట నడిచే పనిని వినలేని దానికి ఇస్తేనే బాధ. కరెంటు మీద నాకు ఏ పట్టింపూ లేదు. మన పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీదనే గమకం పలికించారు. అక్కడ వేలు ఉంది, చెవి ఉంది.

సౌండ్ గారూ, ట్రాక్ ఆపేయవలసిందన్నారు. ఆ పాటను రెండేళ్లుగా ట్రాక్‌తోనే సాధన చేశాం. అది లేకుండా ఆ పాట వాయించడం మాకు రాదు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అయితే ఒకే ముక్క అన్న మీ మాట మాత్రం పనికొచ్చింది.

ఈ వారం రాత్రుళ్లు కూర్చుని ట్రాకులను పల్లవి, బిట్టు, చరణం, ముక్తాయింపుగా కోశాను. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ సర్క్యూట్ బోర్డుకు రెండు కాలి మీటలు అతికి పెట్టె కట్టాను. ఒక మీట నొక్కితే తర్వాతి ముక్క వస్తుంది. నొక్కకపోతే చివరి ఆవర్తం తిరుగుతూ మా కోసం ఆగుతుంది. రెండో మీట వేగానికి. వాద్యాలు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతిలో గడియారం క్వార్టర్ నోటుకు, అంటే మామూలుగా ఒక దెబ్బకు, 24 టిక్కులు పంపుతుంది. ఆ టిక్కుల మధ్య దూరం ఇప్పుడు నా పాదం చేతిలో ఉంది. నేను వేగం తగ్గిస్తే డ్రమ్స్ చెవిలోని క్లిక్ కూడా తగ్గుతుంది.

కంప్యూటర్ ఆలస్యం చేస్తుందని మా గిటారిస్టు భయపడ్డాడు. శబ్దాన్ని సెకనుకు 48,000 నమూనాలుగా కోసే రికార్డింగులో, కంప్యూటర్ బయటికి పంపే ముందు పోగుచేసుకునే 256 నమూనాల బఫర్ అంటే 5 మిల్లీసెకన్ల పైచిలుకు ఆలస్యం. మూడు మీటర్ల అవతలి డ్రమ్స్ శబ్దం గాలిలో మన దాకా రావడానికే దాదాపు 9 పడుతుంది. ఇన్నేళ్లుగా ఆ తొమ్మిదితోనే కలిసి వాయిస్తున్నాం కదా!

గురువారం సాధనలో చరణాన్ని మూడుసార్లు పాడించి చూశాం. మూడోసారి గాయని ఒక పదం దగ్గర ఆగిపోయింది. నేను మీట తొక్కలేదు, ట్రాక్ ఆగింది. డ్రమ్స్ మిత్రుడు తలెత్తి నా పాదం వైపు చూశాడు. క్లిక్ మొదలైనప్పటి నుంచి ఆయన వాయిస్తూ ఎవరి వైపూ చూడలేదు.

కానీ వయొలిన్ గారి మాటకు ఏ మీటా జవాబు కాదు. మా ట్రాకుల్లోని వయొలిన్ కూడా ఒక మనిషిదే. ఆమెకూ ఒక్కసారే డబ్బు ఇచ్చాం. ఇకపై ప్రతి కార్యక్రమానికీ ఆమె వాటా పంపాలని మా వాళ్లతో అన్నాను. ఇద్దరు సరే అన్నారు, ఇద్దరు ఆలోచిస్తున్నారు. నా వాటాలోంచి మొదలుపెట్టాను.

వచ్చే శనివారం మా కార్యక్రమం తెనాలిలోనే. మా ట్రాకుల్లో వాయించిన ఆమెను పిలిస్తే ఆ రోజు కుదరదన్నారు. వయొలిన్ గారూ, ట్రాక్‌లో వయొలిన్ చానెల్ మూసి ఉంచుతాను. మాతో సమానంగా పారితోషికం. సాయంత్రం ఐదుకు సౌండ్ చెక్.

వయొలిన్_తెనాలి:

మీ గాయని శ్రుతి ఎంతో రాయండి. ఆ పాత పాట రెండో చరణం నేను కూడా ఒకసారి చూసుకుని వస్తాను.